మా బ్రాంచి సర్వర్లు అన్సిబుల్ దారికి వచ్చిన వైనం

మాది మందుల హోల్‌సేల్ కంపెనీ. హెడ్డాఫీసు బరంపురంలో ఉంది. బ్రాంచిలు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్, జయపురం మీదుగా మల్కన్‌గిరి దాకా ఉన్నాయి, మధ్యలో ఇంకా చిన్న ఊళ్లు. జిల్లాలన్నీ ఒడిశావే అయినా కౌంటర్ల దగ్గర సగం మాటలు తెలుగులోనే నడుస్తాయి. ప్రతి బ్రాంచిలో ఒక లైనక్స్ సర్వరు ఉంటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేరు, దాని వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, ప్రింటర్లు, అందరూ వాడుకునే షేర్ ఫోల్డరు అన్నీ దాని మీదే. పెద్ద బ్రాంచిల్లో రెండేసి ఉన్నాయి. హెడ్డాఫీసులోవి కూడా కలుపుకుంటే ముప్పైకి పైమాటే. వీటన్నిటినీ చూసుకునేది నేనూ, నాకు తోడుగా ఒక ఒడియా కుర్రాడూ. నన్ను భాయినా (అన్నయ్యా) అంటాడు. నేను ఒడియాలో అడిగితే తను తెలుగులో జవాబిస్తాడు, ఎందుకో మరి. అన్సిబుల్ అంటే, ఇన్ని సర్వర్లనూ రాసిపెట్టిన పద్ధతి ప్రకారం ఒకే చోటునుంచి అమర్చే సాఫ్ట్‌వేరు.

ఇవన్నీ ఎందుకు, క్లౌడ్‌లో పెట్టేస్తే పోలేదా అని చాలామంది అడుగుతారు. ఘాట్ రోడ్డులో ఎక్కడో కేబుల్ తెగితే జయపురానికి సాయంత్రం దాకా నెట్ ఉండదు. అంతసేపూ మెడికల్ షాపుల వాళ్లు కౌంటరు ముందు నిలబడి ఉండరు కదా. నెట్ ఉన్నా లేకపోయినా బిల్లు కొట్టాలి. అందుకే ఎక్కడి సర్వరు అక్కడే.

మొన్నమొన్నటి దాకా మా పద్ధతి ఏమిటంటే ఒక టెక్స్ట్ ఫైలు. అందులో కమాండ్లు వరసగా ఉంటాయి. ఒక్కో సర్వరులోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (కూర్చున్న చోటునుంచే దూరపు మెషీనులోకి వెళ్లే దారి) వెళ్లడం, కాపీ చేయడం, పేస్ట్ చేయడం, బయటికి రావడం. పది సర్వర్లు దాటాక ఎవరికి చేశామో ఎవరికి చేయలేదో గుర్తుండదు. కాస్త తెలివైన రోజున షెల్ స్క్రిప్టులో లూప్ రాసి అన్నిటికీ ఒకేసారి వదిలేవాళ్లం. అది సగం దారిలో ఉండగా బ్రాంచిని మాతో కలిపే వీపీఎన్ ఏదో తెగితే అసలు తలనొప్పి అప్పుడు మొదలు. మళ్లీ రన్ చేద్దామంటే, ముందే పని అయిపోయిన సర్వర్ల ఫైల్లో అదే లైను రెండోసారి చేరి కూర్చుంటుంది. చేయకుండా ఊరుకుంటే మిగతావి పాత లెక్కలోనే ఉండిపోతాయి.

ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లమే కానీ సెంట్‌ఓఎస్ 7 అనే లైనక్స్ గడువు దగ్గరపడింది. దానికి 2024 జూన్ 30 తర్వాత సెక్యూరిటీ అప్‌డేట్లు ఉండవని ముందే చెప్పేశారు. మా బ్రాంచిల్లో ఎక్కువ భాగం అదే. అంటే దాదాపు ప్రతి సర్వరునూ కొత్తగా కట్టుకోవాలి. కట్టేదేదో చేత్తో కాకుండా, రాసిపెట్టిన పద్ధతి ప్రకారం కడదామని అప్పుడు గట్టిగా అనుకున్నాను.

ఇది మా ఒక్కరి బాధా కాదు, కొత్త బాధా కాదు. సర్వర్లను ఇలా అమర్చిపెట్టే సీఎఫ్‌ఇంజిన్ అనే సాఫ్ట్‌వేరును ఓస్లోలో మార్క్ బర్జెస్ రాసింది 1993లో. తర్వాత 2005లో పప్పెట్, 2009లో షెఫ్, 2011లో సాల్ట్, 2012లో అన్సిబుల్ వచ్చాయి. అన్సిబుల్ మొదలుపెట్టింది మైకేల్ డిహాన్. 2015లో దాన్ని రెడ్ హ్యాట్ కొనేసింది. వీటన్నిటి వెనక ఉన్న ఆలోచన మాత్రం ఒకటే. మేస్త్రీకి "గోడకు సున్నం వెయ్యి" అని చెప్పడం ఒకటి, "గోడ తెల్లగా ఉండాలి" అని చెప్పడం ఇంకొకటి. రెండోది విన్న మేస్త్రీ గోడ ముందే తెల్లగా ఉంటే చెయ్యి పెట్టడు, చూసి వెళ్లిపోతాడు. ఎన్నిసార్లు రన్ చేసినా ఫలితం ఒకేలా ఉండటమంటే ఇదే. లూప్ స్క్రిప్టుతో మేం పడ్డ అవస్థకు సరైన మందు.

నిజం చెప్పాలంటే మా నెట్‌కు పప్పెట్ పద్ధతే నప్పుతుంది. ప్రతి సర్వరులోనూ ఏజెంటు అనే ఒక ప్రోగ్రాం ఉండి, మామూలుగా అరగంటకోసారి తనే మాస్టరు సర్వరును అడిగి సరిచూసుకుంటుంది. లైను లేకపోతే ఊరుకుంటుంది, వచ్చాక అడుగుతుంది. అన్సిబుల్ అలా కాదు, మనం కూర్చున్న చోటునుంచి ఎస్‌ఎస్‌హెచ్ మీద తోస్తుంది. అవతల లైను లేకపోతే ఆ సర్వరును అన్‌రీచబుల్ అని రాసేసి ముందుకు పోతుంది. అయినా నేను అన్సిబుల్‌కే మొగ్గాను. అవతలి మెషీన్లో పైథాను, ఎస్‌ఎస్‌హెచ్ ఉంటే చాలు, ఇంకేమీ వేయక్కర్లేదు. మా పాత డబ్బాల్లో కొన్నిటికి 4 జీబీ ర్యామ్, అందులో ఏజెంటును కూడా కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. పైగా పప్పెట్ మాస్టరుకూ ఏజెంటుకూ మధ్య సర్టిఫికెట్ల వ్యవహారం ఉంటుంది, దానికి రెండు వైపులా గడియారాలు సరిగా ఉండాలి. మా గడియారాల సంగతి తర్వాత చెప్తాను. ఇక మా కుర్రాడు యామల్ ఫైలు (అన్సిబుల్ సూచనలు రాసే ఫైలు) చూసి మొదటిరోజే చదివి అర్థం చెప్పాడు, అది కూడా ఒక కారణం.

ముందు ఇన్వెంటరీ ఫైలు రాయాలి. ఏ సర్వరు ఎక్కడుంది, ఏ గుంపులోకి వస్తుంది అన్న పట్టిక. ఇది చిటికెలో పని అనుకుంటారు, మాకు కాలేదు. ఉన్న జాబితాలో లేని సర్వర్లు బయటపడ్డాయి, జాబితాలో ఉన్న ఒకటి ఎప్పుడో స్క్రాపుకు పోయింది. అన్సిబుల్‌లో ఫ్యాక్ట్స్ తెచ్చే సెటప్ అనే మాడ్యూలు ఉంది. అది ప్రతి మెషీను ఓఎస్ వెర్షను, ర్యామ్, డిస్కు, నెట్‌వర్కు కార్డు వివరాలు పట్టుకొస్తుంది. దాంతో మెషీన్ల లెక్క తేలింది. ఆ తర్వాత ఫెచ్ మాడ్యూలుతో అన్ని బ్రాంచిల ముఖ్యమైన కాన్ఫిగ్ ఫైళ్లనూ మా దగ్గరికి తెప్పించి, గిట్‌లో (ఫైళ్ల మార్పులన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేరు) పెట్టి, పక్కపక్కన పెట్టి చూశాం. దాదాపు అన్నీ ఒకే సీడీ నుంచి ఇన్‌స్టాల్ చేసినవే, అయినా ఏ రెండూ ఒకేలా లేవు.

ఇక్కడే నాకు అసలు సంగతి తెలిసొచ్చింది. తేడా కనబడగానే చెరిపేసి అన్నిటినీ ఒకే మూసలో పోసేద్దామని చెయ్యి లాగుతుంది. పుస్తకాలూ ట్రైనింగు వీడియోలూ కూడా అదే నేర్పుతాయి. కానీ ఆ తేడాల్లో కొన్ని ఎవరో నిర్లక్ష్యంగా వదిలేసినవైతే, కొన్ని ఎవరో తలబద్దలుకొట్టుకుని పెట్టినవి. కాన్ఫిగ్ ఫైలు చూస్తే ఏది ఏదో తెలియదు. ఫోన్ చేసి అడగాలి.

గుణుపురం సంగతే చూడండి. అక్కడి సర్వరు క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపే పట్టిక) రోజూ మధ్యాహ్నం ఒంటిగంట యాభైకి పోస్ట్‌గ్రెస్ ఆపమని, రెండున్నరకు మళ్లీ మొదలెట్టమని రెండు లైన్లున్నాయి. పనిరోజున, పట్టపగలు! డేటాబేసును ఆపేదెవరు? మా కుర్రాడు నవ్వేశాడు, తీసేద్దాం భాయినా అన్నాడు. బ్రాంచి చూసుకునే పెద్దాయనకు ఫోన్ చేశాను.

"ఏటి బాబూ, ఇన్నాళ్లకి గుర్తొచ్చామా?" అన్నారు. క్రాన్ సంగతి చెప్పగానే ఆయనకు వెంటనే తెలిసింది. "అదా! ఎండాకాలంలో రోజూ ఆ టైముకే కరెంటు పోతాది. యూపీఎస్ బ్యాటరీ నిలబడదు. ఓసారి అలాగే పోయి లెక్కలన్నీ పాడైపోయాయి. అప్పట్నించీ మేం భోజనానికెళ్లేటప్పుడు దాన్నీ పడుకోబెట్టేస్తన్నాం."

నిజానికి పోస్ట్‌గ్రెస్ కరెంటు పోయినంత మాత్రాన పాడవ్వకూడదు. ప్రతి మార్పునూ ముందు లాగ్‌లో రాసుకుని, మళ్లీ లేచాక దాన్ని చూసి సరిచేసుకుంటుంది. కానీ డిస్కు తన క్యాషేలో (తాత్కాలిక మెమరీలో) ఉన్నదాన్ని రాసేశానని అబద్ధం చెబితే అది కూడా ఏమీ చేయలేదు. అక్కడున్నది అలాంటి చవక డిస్కే. మాకంటే ముందు పనిచేసినాయన ఎవరో ఆ రెండు లైన్లు పెట్టి బ్రాంచిని కాపాడుకొచ్చాడు. మేం ఆ రోజే తీసేసి ఉంటే వచ్చే వేసవికి మా పని అయ్యేది. డిస్కు మార్చి, బ్యాటరీ మార్చి, యూపీఎస్ చార్జి తగ్గగానే సర్వరును పద్ధతిగా ఆపే నట్ అనే సాఫ్ట్‌వేరుకు ఒక రోల్ (ఒక పనికి కావలసిన అన్సిబుల్ సూచనల మూట) రాశాం. ఆ వేసవి గడిచేదాకా క్రాన్ లైన్లు కూడా ప్లేబుక్‌లోనే (అన్సిబుల్ నడిపే సూచనల్లోనే) ఉంచాం, గుణుపురం పేరు మీద ఉన్న హోస్ట్ వేరియబుల్స్ ఫైల్లో, ఎందుకు పెట్టామో పైన కామెంటు రాసి. ఆ తర్వాతే తీశాం.

పర్లాకిమిడిది ఇంకో రకం. అన్ని చోట్లా సెంట్‌ఓఎస్ ఉంటే అక్కడొక్కటే ఉబుంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను చిందరవందర చేసినప్పుడు పాత సర్వరు తడిసిపోయింది. వారం పది రోజుల్లో ఎవరో దొరికిన కంప్యూటర్‌లో దొరికిన ఓఎస్ వేసి బిల్లింగ్ నిలబెట్టారు. ఆ పరిస్థితిలో అది గొప్ప పనే. కానీ ఇప్పుడు ఆ తేడాకు అవసరం లేదు, దాన్ని మిగతా గుంపులో కలిపేశాం. రాయగడలో హోస్ట్స్ ఫైల్లో ఎవరో రాసిన పాత ఐపీలు, కోరాపుట్‌లో ఎవరికీ గుర్తులేని యూజర్ అకౌంట్లు... ఇలాంటివి బోలెడు, అవి అడగాల్సిన పని కూడా లేదు.

గడియారాల సంగతి చెప్తానన్నాను కదా. మల్కన్‌గిరి సర్వరు మదర్‌బోర్డులో బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా టైము ఎక్కడికో వెళ్లేది. ఒక్కోసారి బిల్లు మీద రేపటి తేదీ పడేది. అక్కడి కుర్రాళ్లు పొద్దున్నే వచ్చి గోడ గడియారం చూసి సర్వరులో టైము దిద్దేవాళ్లు. మా మొదటి రోల్ అందుకే గడియారం సరిచూసే క్రోనీ. అన్ని సర్వర్లూ హెడ్డాఫీసు టైమును చూసుకోవాలి, లైను లేనప్పుడు తమ లెక్కన నడవాలి, బూట్ అయిన వెంటనే తేడా ఎంతున్నా ఒక్కసారిగా సరిచేసుకోవాలి. ఇంతా చేసి ఇరవై లైన్లు. దీనికి ముందు మూడు ఊళ్ల లాగ్‌లు పక్కన పెట్టి ఏది ముందు జరిగిందో చెప్పమంటే నేను చెప్పలేకపోయేవాణ్ణి.

మార్పులు నిజంగా వదలడానికి ముందు చెక్ మోడ్‌లో (ఏదీ మార్చకుండా) నడిపి, డిఫ్ (పాతకూ కొత్తకూ తేడా) చూడటం మాకు పూజా పునస్కారాల్లా అయిపోయింది. ఒకరోజు మా కుర్రాడు షేర్ ఫోల్డరు కాన్ఫిగ్ ఫైలుకు పర్మిషను (ఎవరు చదవచ్చు, ఎవరు రాయచ్చు అని చెప్పే అంకె) 644 అని రాశాడు. ముందు సున్నా లేదు, చుట్టూ కొటేషన్ గుర్తులు లేవు. అలా రాస్తే యామల్ దాన్ని మామూలు దశాంశ సంఖ్యగా తీసుకుంటుంది. దాన్ని పర్మిషన్లకు వాడే ఎనిమిది లెక్కలోకి (ఆక్టల్) మారిస్తే 1204 అవుతుంది. డిఫ్‌లో 0644 పోయి 01204 రాబోతోందని కనబడగానే వాడే ఆగి, "భాయినా, ఇదేం నంబరు?" అని అడిగాడు. ఓనరుకు చదివే హక్కు కూడా లేని వింత పర్మిషను అది. అప్పటినుంచి పర్మిషన్లు నాలుగంకెలతో, కొటేషన్ గుర్తుల మధ్యే రాయాలన్నది మా ఇంటి రూలు.

నాకు అన్సిబుల్‌లో అన్నిటికంటే నచ్చింది టెంప్లేట్‌కు (కాన్ఫిగ్ ఫైలు తయారుచేసే మూస) ఉండే వ్యాలిడేట్ అనే చిన్న లైను. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ మారుస్తున్నామనుకోండి. ఒక్క అక్షరం తప్పు పడి సర్వీసు రీస్టార్ట్ అయిందా, ఆ సర్వరు తలుపు మూసుకున్నట్టే. అది బరంపురంలో అయితే మెట్లు దిగి వెళ్తాం. మల్కన్‌గిరిలో అయితే రాత్రంతా బస్సు. వ్యాలిడేట్‌లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు తాలూకు టెస్ట్ కమాండు ఇస్తే, కొత్త ఫైలును ముందు పక్కన తాత్కాలికంగా పెట్టి పరీక్షిస్తుంది. పాసైతేనే అసలు చోట పెడుతుంది, లేకపోతే పాతదాన్ని ముట్టుకోదు. దీనికి తోడు సీరియల్ అనే సెట్టింగుతో ముందు బరంపురం టెస్ట్ సర్వరు, ఆ తర్వాత పర్లాకిమిడి, ఆ తర్వాతే మిగతావి అని విడతలు పెట్టుకున్నాం. దూరం ఎక్కువున్న ఊరు ఎప్పుడూ ఆఖర్నే.

సర్వర్లు కట్టడం మొదలెట్టాక మధ్యలో ఒక ఆటంకం వచ్చింది. అన్సిబుల్ కోర్ 2.17 విడుదలైంది. అది అవతలి మెషీన్లో పైథాన్ 2.7ను ఒప్పుకోదు, 3.6ను కూడా ఒప్పుకోదు. సెంట్‌ఓఎస్ 7లో ఉన్నదేమో 2.7. కొత్త వెర్షను వేసుకున్న లాప్‌టాప్ నుంచి రన్ చేస్తే పాత సర్వర్లన్నీ ఏదో సింటాక్స్ ఎర్రరు ఇచ్చి కూర్చున్నాయి. అందుకని 2.16ను విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టుకుని, ఆఖరి సెంట్‌ఓఎస్ పోయేదాకా దాంతోనే పని నడిపించాం. పాత సర్వర్లున్న వాళ్లు ఎవరైనా సరే, అన్సిబుల్ అప్‌డేట్ చేసేముందు అవతల పైథాన్ ఎంతో చూసుకోండి.

కొత్త సర్వర్లకు అల్మాలైనక్స్ 9 అనే లైనక్స్ తీసుకున్నాం. బరంపురంలో ఓఎస్ మాత్రం వేసి, వీపీఎన్ పెట్టి, బస్సు పార్సిల్లో పంపేవాళ్లం. అవతల ఎవరో ఒకరు కేబుళ్లు తగిలించి ఫోన్ చేస్తే ప్లేబుక్ వదలడమే. పర్లాకిమిడిలో తగిలించిన కుర్రాడికి సర్వరంటే ఏమిటో కూడా తెలీదు, స్టాకు సర్దే పని వాడిది. నీలం వైరు పైన, బూడిద రంగు వైరు కింద అని ఫోన్లో చెప్పాను. టీ తాగొచ్చేసరికి పసుపు రంగు ఛేంజ్డ్ లైన్లు నిలువునా దిగిపోయి ఉన్నాయి. రెండోసారి రన్ చేశాను. అన్నీ ఆకుపచ్చ, ఛేంజ్డ్ సున్నా. ఒకప్పుడు ఇదే పనికి నేను ఊరెళ్లి లాడ్జిలో దిగాల్సి వచ్చేది.

ఇక అన్‌రీచబుల్ గొడవ. అనుకున్నట్టే కోరాపుట్ అవతలి బ్రాంచిలు వానాకాలమంతా ఎర్రగానే కనబడేవి. మనం వదిలిన టైముకు వాళ్లకు లైను ఉండదు, వాళ్లకు లైను వచ్చేటప్పటికి మనం పడుకుని ఉంటాం. దీనికి అన్సిబుల్ పుల్ అనే పద్ధతి ఉంది. సర్వరు తనే గిట్ నుంచి ప్లేబుక్ తెచ్చుకుని తన మీద తనే నడుపుకుంటుంది. అంటే పప్పెట్‌ను కాదని వచ్చినవాళ్లం చుట్టూ తిరిగి దాని పద్ధతికే చేరాం. దూరపు బ్రాంచిలకు మాత్రం అరగంటకోసారి టైమరు పెట్టాం, అందరూ ఒక్కసారి మీద పడకుండా తలా కొంత ఆలస్యంతో. ఇందులో ఒక చిక్కుంది. పాస్‌వర్డులు అన్సిబుల్ వాల్ట్‌లో తాళం వేసి ఉంటాయి. సర్వరు తనే నడుపుకోవాలంటే ఆ తాళంచెవి కూడా సర్వరులోనే ఉండాలి. ఎవరైనా ఆ డబ్బాను ఎత్తుకుపోతే? అందుకని బ్రాంచికో వాల్ట్ ఐడీ పెట్టాం. మల్కన్‌గిరి తాళంచెవితో మల్కన్‌గిరి పాస్‌వర్డులే తెరుచుకుంటాయి. దీనివల్ల ఫైళ్లు పెరిగాయి, కుర్రాడు గొణిగాడు, అయినా సరే అన్నాను.

ఈ శ్రమంతా మా ఓనరుగారి కంటికి ఆనింది మాత్రం 2025 సెప్టెంబరులోనే. ఆ నెల 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. మందుల్లో ఎక్కువ భాగం 12 శాతం నుంచి 5కు దిగాయి, కొన్ని ప్రాణాధార మందులకు పన్నే తీసేశారు. కౌన్సిల్ చెప్పింది 3వ తేదీన, అమలు 22న. సోమవారం పొద్దున షట్టరు తీసేటప్పటికి ప్రతి బ్రాంచిలోనూ కొత్త రేటే పడాలి, ఆదివారం రాత్రి కొట్టిన బిల్లుకు పాత రేటే ఉండాలి. వెనకటి రోజుల్లో అయితే నేను ఆదివారం రాత్రంతా కూర్చుని ఒక్కో సర్వరులో దూరేవాణ్ణి. ఈసారి అర్ధరాత్రి పని పెట్టుకోలేదు. అమలు తేదీ కాలమ్ ఉన్న రేట్ల పట్టికను గురువారమే గిట్‌లో పెట్టాం. బరంపురంలో, పర్లాకిమిడిలో బిల్లులు కొట్టి చూశాం, ఒకే మందుకు రెండు తేదీలతో. శుక్రవారం అందరికీ వదిలాం. మల్కన్‌గిరి ఆ రోజూ ఎర్రగానే ఉంది. శనివారం తెల్లారగట్ల లైను వచ్చినప్పుడు తనే లాక్కుని, తనే పెట్టుకుని, రిపోర్టు పంపింది.

సోమవారం పొద్దున గుణుపురం పెద్దాయన ఫోన్ చేశారు. ఏం కొంప మునిగిందో అని టెన్షన్‌గా ఎత్తాను. రేట్లన్నీ సరిగ్గానే ఉన్నాయట. పాత ఎమ్మార్పీ ఉన్న స్టాకును ఏం చేయాలని ఆయన ప్రశ్న. దానికి నా దగ్గర ప్లేబుక్ లేదని, ఓనరుగారికి చేయమని చెప్పాను.

ఇంకా లొంగనివి ప్రింటర్లు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు బ్రాంచికో కంపెనీవి, జయపురంలో అయితే కౌంటరుకో కంపెనీది. ప్రింటర్లను నడిపే కప్స్ కాన్ఫిగ్‌ను టెంప్లేట్‌లో పెట్టి చూశాను. ఎవరో కేబుల్ తీసి ఇంకో పోర్టులో పెట్టగానే పేర్లు తారుమారైపోతున్నాయి. యూఎస్‌బీ సీరియల్ నంబరును బట్టి పేరు పెట్టే యూడెవ్ రూల్ ఒకటి రాసి రాయగడలో నడిపి చూస్తున్నాం. రెండు ప్రింటర్లకు పనిచేసింది. మూడోదానికి అసలు సీరియల్ నంబరే లేదు. దాన్ని మార్చమని ఓనరుగారికి కొటేషను పెట్టాను.